మిషన్ పనిచేయట్లేదు

మార్చి 4

నిన్న మధ్యాహ్నం వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ల్యాబ్‌లో ఫ్యాన్లు, ఫ్రిజ్, రంగు కొలిచే మిషన్, అన్నీ తట్టుకున్నాయి. దెబ్బ నా గదికే తగిలింది. పెద్ద మిషన్ బాగానే ఉంది. దాని కంప్యూటరూ బాగానే ఉంది. రెండూ మాట్లాడుకోవడం మానేశాయి. కేబుల్ గుచ్చే చోట పచ్చ లైటు వెలగట్లేదు. నెట్‌వర్క్ పోర్టు కాలిపోయింది.

కంప్యూటర్‌తో మాట్లాడకపోతే ఆ మిషన్ బీరువాతో సమానం. మిరపకాయకి పట్టే బూజు ఒక విషం వదులుతుంది, అఫ్లాటాక్సిన్. కంటికి కనపడదు, నాలుక్కి తెలియదు. దాన్ని పట్టుకునేది మా ల్యాబ్‌లో ఇదొక్కటే. రంగూ తేమా ఎవరైనా కొలుస్తారు. ఇది నేనే కొలుస్తాను.

రంజాన్ మూడో రోజా. మిర్చి యార్డు వైపు నుంచి కారం గాలి. దగ్గొస్తే నీళ్ళు తాగడానికి లేదు.

మార్చి 5

మిషన్ కంపెనీ ఇంజనీరుతో ఫోన్లో మాట్లాడాను. పాత మోడల్ మేడమ్, సపోర్ట్ ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నాడు. సార్ కొత్త కుర్చీ కొనడానికే రెండు ఉగాదులు ఆలోచిస్తారు.

సార్ అంటే శివరామకృష్ణ గారు, ల్యాబ్ ఓనరు. మంచి మనిషే. పంచాంగం చూడందే తుమ్మరు కూడా. సాయంత్రం గదిలోకి వచ్చి విషయం చెప్పారు. మాకు శాంపిల్స్ పంపే ఎక్స్‌పోర్ట్ కంపెనీ వాళ్ళు ఉగాది దాకా ఆగుతారట. అప్పటికీ బాగవకపోతే అన్నీ కొచ్చి ల్యాబ్‌కే పంపుకుంటారట. వాళ్ళ సరుకు లేకపోతే ఈ మిషన్‌కి పని లేదు. పని లేకపోతే పాత ఇనుపవాడికే అన్నారు. నా సంగతి అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఈ గది పోతే నాకు ఇంకో గది లేదు. పన్నెండేళ్ళు దీని ముందే కూర్చున్నాను. నాకు వచ్చిన పని ఇదొక్కటే. పోనివ్వను.

మార్చి 6

బ్రాడీపేటలో గౌస్ బాషా కంప్యూటర్ రిపేరు షాపుకెళ్ళాను. నేను గీతలా సన్నగా ఉన్న రోజుల నుంచీ తెలుసు. పాత సామాన్ల డబ్బా తిరగేసి ఒక నెట్‌వర్క్ కార్డు తీశాడు. దుమ్ము ఊదాడు. విండోస్ ఎక్స్‌పీ ఎందుకు ఆపా ఇంకా, కొత్తది ఎక్కించేస్తా అన్నాడు. మిషన్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీ దాటి బతకదు నాయనా అన్నాను. సరే, ఈ కార్డు గుచ్చగానే అదే పట్టేసుకుంటుంది, డ్రైవర్ గీవర్ అక్కర్లేదు అన్నాడు.

గుచ్చాను. పట్టుకోలేదు. డివైస్ మేనేజర్‌లో పసుపు ప్రశ్నార్థకం.

మార్చి 7

డ్రైవర్ సీడీ లేదు. నెట్ నుంచి దింపుకోవాలి. నెట్‌కి వెళ్ళాలంటే కార్డు పనిచేయాలి. కార్డు పనిచేయాలంటే డ్రైవర్ కావాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు.

ఫోన్‌లో దింపి పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఇది సరైన ప్రోగ్రామ్ కాదంది. ఇంకోటి. అది విండోస్ సెవెన్‌దట. ఇంకోటి. అందులో డ్రైవర్ లేదు, రమ్మీ ఆడమని పిలుపు ఉంది.

మార్చి 10

బుద్ధి తక్కువ పని చేశాను. కార్డు పెట్టిచ్చిన అట్టడబ్బా మీద రాసిన పేరుతో వెతుకుతున్నాను. ఆ డబ్బా ఈ కార్డుది కాదు. గౌస్ బాషా ఏ కార్డుని ఏ డబ్బాలోనైనా పెడతాడు, చెప్పుల షాపువాడిలా.

కార్డు బయటికి తీసి చిప్ మీది నంబరు ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదివాను. ఆ నంబరుకి ఎక్స్‌పీ డ్రైవర్ ఎవరో పోలండ్ ఆయన పద్నాలుగేళ్ళ కిందట ఒక ఫోరంలో పెట్టి ఉన్నాడు. కింద ఎవరూ థాంక్స్ చెప్పలేదు. నేను చెప్పాను.

మార్చి 14, మధ్యాహ్నం

కోపంతో రాస్తున్నాను.

పొద్దున డ్రైవర్ ఎక్కింది. ఒక్క మాట లేకుండా, పాయసం దిగినట్టు దిగింది. రీస్టార్ట్ చేయమంది. మౌస్ మీద చెయ్యి పెట్టాను. సార్ వెనక నుంచి ఆగమ్మా అన్నారు. శుక్రవారం, పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలమట. ఇన్ని రోజులు ఆగాం, గంట ఆగలేమా, మంచి ఘడియలో మొదలెడదాం అన్నారు. నేను ఓనరుని కాను. ఆగాను.

పదకొండున్నరకి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు వచ్చాక కంప్యూటర్ ఆన్ చేస్తే నీలం తెర, దాని నిండా తెల్ల అక్షరాలు. ఇప్పుడు కార్డు కాదు, కంప్యూటరే లేవట్లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. సార్ ఏమన్నారో రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను. చూశావా, రాహుకాలం అని చెప్పానా అన్నారు.

మార్చి 15

ఎఫ్ ఎయిట్ నొక్కి పట్టుకుంటే పాత స్థితికి వెళ్ళే దారి చూపిస్తుంది. చివరిసారి బాగా పనిచేసిన స్థితికి పోవాలా అని అడిగింది. పోవాలన్నాను. లేచింది. డ్రైవర్ లేదు, పసుపు ప్రశ్నార్థకం ఉంది. మళ్ళీ మొదటికి వచ్చాం, అంతే. ఏడుపొచ్చినంత పనయింది. శనివారం కాబట్టి సార్ రాలేదు. అది మంచిదయింది.

మార్చి 17

డ్రైవర్ మళ్ళీ ఎక్కించాను. పంచాంగం చూడలేదు. రీస్టార్ట్ అయింది. పచ్చ లైటు వెలిగింది.

కానీ మిషన్ పలకట్లేదు. దానికి తెలిసింది ఒకే అడ్రస్. కంప్యూటర్ ఆ అడ్రస్‌లో ఉంటేనే మాట్లాడుతుంది, ఇంకో నంబరు ఇస్తే మొహం తిప్పుకుంటుంది. కొత్త కార్డుకి ఆ అడ్రస్ ఇవ్వబోయాను. కుదరదంది. ఆ అడ్రస్ ఇప్పటికే ఇంకో కార్డు పేరిట ఉందట. ఆ కార్డు ప్రస్తుతం కంప్యూటర్‌లో లేదట. లేదని దానికే తెలుసు. అయినా ఇవ్వదు.

నా ఆధార్‌లో ఇప్పటికీ వైఫ్ ఆఫ్ షబ్బీర్ అనే ఉంది. విడిపోయి ఎనిమిదేళ్ళు. తెర ముందు కూర్చుని ఒక్కదాన్నే నవ్వాను.

మార్చి 18

గౌస్ బాషా వచ్చాడు. కేబుల్ మార్చాడు. వెళ్ళాడు.

మార్చి 20

మాట్లాడుతోంది.

కాలిపోయిన పోర్టు కనపడకుండా లోపలే ఉందన్న మాట. మామూలుగా చూస్తే డివైస్ మేనేజర్ చూపించదు. నల్ల తెరలో ఒక ఆజ్ఞ టైప్ చేసి, దాచినవన్నీ చూపించమంటే పాత పోర్టు లేత బూడిద రంగులో, తడి గుడ్డ మీద మరకలా కనపడింది. తీసేయమన్నాను. నిజంగానా అని అడిగింది. నిజంగానే అన్నాను. అడ్రస్ కొత్త కార్డుకి ఇచ్చాను, తీసుకుంది. మిషన్ పంపు గుర్రుమంది. తెర మీద రెడీ అని వచ్చింది.

సంతోషంగా ఉంది. ఇంకోలా రాయడం రాదు. ఇఫ్తార్‌కి అమ్మ చేసిన గంజి రెండు గిన్నెలు తాగాను. సార్ నెల్లూరు పెళ్ళికి వెళ్ళారు, సోమవారం వస్తారు. ఫోన్లో చెప్తే శుభం అన్నారు.

మార్చి 24

మొన్నంతా మిషన్‌ని సరిచూసుకున్నాను. ఇవాళ అసలు శాంపిల్స్. ఎక్స్‌పోర్ట్ కంపెనీ వాళ్ళు కొనబోయే సరుకులవి, గదిలో పేరుకుపోయి ఉన్నాయి. పొట్లాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఎవరిదో నాకు తెలియకూడదు.

అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. తెర మీద దాని గీత కొండలా లేచింది. నా చేతిలో తప్పేమో అని మళ్ళీ మొదటి నుంచీ చేశాను. అదే కొండ. ఎంత ఉండొచ్చో దానికి చాలా పైన.

కాగితం సార్‌కి ఇచ్చాను. పొట్లం నంబరు చూసి ఆయన కూర్చుండిపోయారు. కంపెనీకి అప్పుడే ఏమీ చెప్పకమ్మా అన్నారు.

మార్చి 25

అది సార్ వాళ్ళక్క సరుకు. వెంకటరావమ్మ గారు. అద్దంకి దగ్గర నాలుగెకరాలు, భర్త పోయాక ఒక్కతే చేయిస్తోంది. ఈ ఏడాది కాయంతా ఆ ఒక్క సరుకులోనే ఉందట.

మిషన్ లేదు కాబట్టి కంపెనీ వాళ్ళు ఈ నెలంతా తెలిసిన రైతుల దగ్గర కంటిచూపు మీదే కొంటున్నారు. ఈ వారం అక్కది కొనేస్తారు. అందుకని మిషన్ పనిచేయట్లేదనే చెబుదామమ్మా అన్నారు సార్. అలా చెబితే ఉగాది దాటాక వాళ్ళు కొచ్చి వెళ్ళిపోతారు కదా సార్ అన్నాను. వెళ్తారు అన్నారు. మరి మిషన్? ఆయన నా వైపు చూడలేదు. ముందు టేబుల్ దగ్గర నీకు కుర్చీ వేయిస్తాను, జీతం అదే, నీకేం లోటు రానివ్వను అన్నారు. దొంగతనం అలవాటు లేనివాడు దొంగతనం చేస్తున్నట్టుంది. తిట్టడానికి కూడా మనసు రాలేదు.

వెంకటరావమ్మ గారంటే నాకు ఇష్టం. నాకు తలాక్ అయిన కొత్తలో అందరూ నన్ను చూసి గొంతు తగ్గించేవాళ్ళు. ఆవిడ వచ్చి, తిన్నావా అమ్మాయ్, తినకపోతే వాడికేం పోయింది, నీ కడుపే మాడుద్ది అంది. గొంతు తగ్గించకుండా అంది.

నిజం చెప్తే ఆవిడ ఏడాది కష్టం పోతుంది. నా మిషన్ బతుకుతుంది. నిజం కోసం చెప్తానా, మిషన్ కోసమా? ఎంత ఆలోచించినా రెండూ విడిగా దొరకట్లేదు. ఆ కాయ తినేవాళ్ళ గురించి చివర్లో గుర్తొచ్చింది. ముందు గుర్తు రావాల్సింది.

మార్చి 26

వెంకటరావమ్మ గారు వచ్చింది. సార్ యార్డుకి వెళ్ళారు. మిషన్ చెడిపోయిందంటగా అంటూ గదిలోకి వచ్చి వెలుగుతున్న తెర చూసింది. ఇదేందే, బానే ఆడతందిగా అంది. అబద్ధం చెప్పలేదు. బాగైందండీ అన్నాను.

మరి నాది చూశావా అంది. చూశానన్నాను. ఆ కొండ చూపించాను. మిగతా వాళ్ళవి కూడా చూపించాను, నేల మీద పాకినట్టు ఉన్న గీతలు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. నా కాయ ఎర్రగా నిగనిగలాడతంది గదే, మచ్చ లేదు గదే అంది. రంగుతో సంబంధం లేదన్నాను. నీళ్ళు చల్లారా అని అడిగాను. చల్లకపోతే కాయ పొడుం పొడుం అయిపోదా, ఊరంతా చల్లుద్ది, నేనొక్కదాన్నేనా అంది. చల్లాక ఎన్నాళ్ళు ఉంచారన్నాను. లారీ రాలేదంట. తడి కుప్ప మీద పట్టాలు కప్పి ఉంచారంట.

తింటే ఏమవుద్ది అని అడిగింది. ఒక్క రోజులో ఏమీ కాదు, ఏళ్ళ తరబడి తింటే లివర్ పాడవుతుందన్నాను. వేయిస్తే పోదా? పోదు. ఎండబెడితే? పోదు. తెచ్చుకున్న టిఫిన్ డబ్బా విప్పకుండానే సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మార్చి 27

కంపెనీ నుంచి ఫోన్. సార్ ఎత్తారు. మిషన్ పనిచేయట్లేదన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. సిగ్గేసింది.

మార్చి 28

తలుపు తీసేసరికి వెంకటరావమ్మ గారు మెట్ల మీద కూర్చుని ఉంది. మొదటి బస్సుకే వచ్చిందట. ఒళ్ళో స్టీలు డబ్బా. ఇంట్లో వాడే కారం. ఇది చూడమ్మా అంది. సార్ వచ్చారు. మిషన్ పనిచేయట్లేదక్కా అన్నారు. ఇది ఆ కుప్పలో కాయేరా, శివరాత్రికి మీ ఇంటికి పంపిందీ ఇదే అంది ఆవిడ.

చెంచాడు తూచి మొదలుపెట్టాను. సార్ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఎంతసేపు పడుతుందమ్మా అని అడిగారు.