ఆకు వాడకముందే

ఏమండీ,

ఇక్కడ మామయ్యా నేనూ కులాసా. మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను అని రాయబోయి కలం ఆపాను. ఈసారి ఆ మాట అలవాటుకొద్దీ రాయలేను.

మామయ్య సణుగుడు తగ్గిందా అని అడిగారు. బాగుంది సంబరం! వాకిలి ఊడ్చినా తప్పే, ఊడ్వకపోయినా తప్పే. మీరు అడవిలో నరికి, చీల్చి పంపిన ఆ నాలుగు బద్దల్ని మాత్రం తెగ మెచ్చుకున్నారు. పగలకుండా చివరలకి మీరు మైనం బాగానే పట్టించారు. నేను అటక మీద, నీడలో, గాలి ఆడేట్టు సందులు వదిలి పేర్చాను. విల్లుకి పనికొచ్చే కర్ర ఏళ్ళ తరబడి ఆరాలి కదా, ఇవి నెల తిరక్కుండానే ఎండు సొరకాయల్లా తేలికైపోయాయి. అంతా నా హస్తవాసేనని మురిసిపోయాను కూడా.

అప్పుడు మీ ఉత్తరం వచ్చింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదని, పెదవులు పగులుతున్నాయని, చొక్కాలు వదులైపోయాయని. ఆఖర్న ఆ మాట: "లారీవాడు తొందరపెట్టాడు. ఆకు వాడకముందే మైనం మీద వేలు ఒత్తేశాను. నాన్నకి చెప్పకు, చంపేస్తాడు."

నరికిన చెట్టు ఆకు వాడాకే నరికినవాడు తన బొటనవేలి గుర్తు వెయ్యాలన్న మన ఇంటి పట్టింపు వట్టి చాదస్తమనుకునేదాన్ని. ముందే వేస్తే ఏమవుతుందని మామయ్యని మాటవరసకి అడిగాను.

ఆయన చిత్రిక పట్టడం ఆపేశారు. "అప్పటికింకా ప్రాణం ఉంటుందమ్మా. ఎవడి వేలు తగిలితే వాణ్ణి పట్టుకుంటుంది. ఎవరు వేశారేం?"

"ఎవరూ వెయ్యలేదులెండి," అన్నాను.

ఇక దాచలేను. మంగళవారం పొద్దున్న వీపంతా బొబ్బలెక్కిందని రాశారే, ఆ పొద్దున్నే ఒక బద్దలో వంకర తీద్దామని పొయ్యి సెగకి కాచాను. నా చేతులతో నేనే కాచానండీ!

మూడు బద్దలకి తడిగుడ్డలు చుట్టి మన మంచం మీద పడుకోబెట్టాను. ఇందాక చెయ్యి వేస్తే ఒకటి వెచ్చగా తగిలింది. ఆ వేడి నాకు తెలుసు. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

నాలుగోది ఇంట్లో లేదు. ఇంత తొందరగా ఆరిన కర్రని చూపించి గొప్పలు పోదామని మామయ్య దాన్ని వంతెన అవతలి విల్లుల మేస్త్రికి ఇచ్చారట. పరుగెత్తుకెళ్ళాను. మేస్త్రి లేడు. వాళ్ళావిడ, "సన్నగా చెక్కేశారమ్మా, ఎంత ముచ్చటగా వచ్చిందో! కొనేవాళ్ళ ముందే నారి కట్టి లాగి చూపిస్తానని పట్టుకెళ్ళారు. సాయంత్రమట. ఎక్కడికో నాకూ చెప్పలేదు," అంది. గుమ్మం నిండా చెక్కపొట్టు పడి ఉంది. తొక్కకుండా దాటి వచ్చాను. మీ చొక్కాలు ఎందుకు వదులయ్యాయో అప్పుడు తెలిసింది.

మేస్త్రిని వెతకడానికి వెళ్తున్నాను. ఈ ఉత్తరం లారీ డ్రైవరన్నయ్య చేతికిస్తున్నాను, సాయంత్రంలోపే మీకు అందుతుంది.

ఒకవేళ నేను ఆయన్ని అందుకోలేకపోతే, మీ నడుము దానంతట అదే వంగడం మొదలవుతుంది. కంగారుపడి ఎదురు బిగించకండి. మీకు నేను చెప్పాలా, లాగేటప్పుడు బిగుసుకున్న కర్రే విరుగుతుంది. ఎంత వంచితే అంత వంగండి. మేస్త్రి నారి వదిలేదాకా ఓర్చుకోండి.

ఇట్లు,
చెప్పులు తొడుక్కుంటూ రాస్తున్న
మీ ఇల్లాలు