నీలం అట్ట నోటుబుక్కులో పదిహేడు అడ్రసులు

గురువారం నాకు పిత్తాశయం ఆపరేషన్. చిన్నదేనని డాక్టరు చెప్పారు. నిన్న మా మరిది వచ్చి మంచం అంచున కూర్చుని, "వదినా, నీ కంప్యూటర్ పాస్‌వర్డ్ చెప్పు. ఎందుకైనా మంచిది. ఆ చెత్త మిగిలింది కూడా తీసేసి పెడతాను" అన్నాడు. అందుకని పెన్ను పట్టుకున్నాను. గట్టిగా మాట్లాడే మనిషిని కాను. దేవుడు నాకు గొంతు ఇవ్వలేదు, దస్తూరీ ఇచ్చాడు.

యాభై ఏళ్లు నిండి, పదో తరగతి చదివిన నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా తెలివి గురించి మా ఇంట్లో భిన్నాభిప్రాయాలు ఉన్నందున ఆధారాలు కూడా జతచేస్తున్నాను.

1. ఆస్తి వివరం. పోయిన మా అక్క చదివిన పదిహేడు ప్రార్థనలు మా ప్రార్థన బృందం వెబ్‌సైటులో ఉన్నాయి. పాత మ్యాక్ కంప్యూటర్‌లో ఒక్కో పేజీ అడ్రసును పట్టి లాగి తెర మీద పడేసేదాన్ని. పడగానే చిన్న బొమ్మ వచ్చేది. అందులో అక్క గొంతు ఉందనుకున్నాను. ఆరేళ్లు అలాగే అనుకున్నాను. ఈ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

2. కంప్యూటర్లు బాగుచేసే మా మరిదికి ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి. మ్యాక్ తీసేసి విండోస్ పెట్టింది ఆయనే. "అన్నీ ఎక్కించేశాను వదినా, నిశ్చింతగా ఉండు" అన్నాడు. ఎక్కినవన్నీ తెల్ల కాగితం బొమ్మలు. నొక్కితే, దీన్ని దేనితో తెరవాలని కంప్యూటర్ నన్నే అడిగింది. ఆయన్ని అడిగితే, "అది దాని భాష, ఇది దీని భాష. నీకు చెప్పినా అర్థం కాదులే, డబుల్‌క్లిక్ వదినా" అన్నాడు. ఆ పేరు ఇంట్లో స్థిరపడింది.

3. మా అబ్బాయికి లినక్స్ అంటే ప్రాణం. వాడు ఒక్క ఆజ్ఞతో అన్ని ఫైళ్ల పేర్ల చివర తోకలు మార్చేశాడు. లోపలి రాత మాత్రం మారలేదు, కాబట్టి ఒక్కటీ తెరుచుకోలేదు. "అమ్మా, సూత్రం ప్రకారం తెరుచుకోవాలి" అన్నాడు. ఆ సూత్రాన్ని వాడికే వదిలేస్తున్నాను.

4. మా ఆయనకు ఆయన అన్న మాటే: "ప్రార్థనలేగా, ఎవరు చదివినా ఒకటే. వేరేవి వెతుక్కో." దాంతోపాటు నా కళ్లజోడు. మాట ఎంత పెద్దదో దాంతో చూసుకోవచ్చు.

5. మా కోడలు పోస్టాఫీసులో ఉత్తరాలు విడగొడుతుంది. ఒక ఆదివారం నా పక్కన కూర్చుని ఒక ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. పిచ్చిరాతల మధ్య ఒక వరుస. "అత్తయ్యా, ఇవి ఉత్తరాలు కావు. కవరు మీద అడ్రసులు. ఏ కంప్యూటరైనా అడ్రసు ఒకటే" అంది. ఇంతమంది చదువుకున్నవాళ్ల ఇంట్లో ఫైలు లోపలికి తొంగిచూసింది తనొక్కతే. పదిహేడింటినీ నీలం అట్ట నోటుబుక్కులోకి ఎక్కించాను. మర్నాడు మరిది వచ్చి, పనికిరాని ఫైళ్లని అన్నిటినీ తుడిచేశాడు, పెన్‌డ్రైవ్‌లో ఉన్న నకళ్లతో సహా. ఆ రోజే పాస్‌వర్డ్ పెట్టాను.

నోటుబుక్కు చూసి టైపు చేస్తే పదహారు తెరుచుకున్నాయి. కోడలు ఆ గొంతులన్నీ దించి పెట్టింది. పన్నెండోది తెరుచుకోవడం లేదు. ఒకటి అంకె, చిన్న ఎల్, పెద్ద ఐ మూడింటినీ నేను ఒకే నిలువు గీతగా రాస్తాను. బడిలో అందరూ మెచ్చుకున్న దస్తూరీ. ఆ అడ్రసులో అలాంటి గీతలు నాలుగు, అంటే ఎనభై ఒక్క రకాలు. నలభై ఆరు అయ్యాయి. వెబ్‌సైటు నెలాఖరుకు మూసేస్తారట, పాత జాబితాలు ఇప్పటికే తీసేశారు.

పన్నెండోదే ఎందుకంటే, అందులో అక్క మధ్యలో దగ్గి, "చెల్లీ, ఆ గ్లాసు ఇటివ్వు" అంటుంది. ఆ రోజు పక్కన కూర్చున్నది నేను. మిగతా పదహారూ దేవుడితో మాట్లాడినవి.

కాబట్టి నోటుబుక్కూ, పాస్‌వర్డూ, మిగిలిన ముప్పై అయిదు ప్రయత్నాలూ మా కోడలికి. తెరుచుకుంటే ముందు తను వినాలి, తలుపు వేసుకుని.

6. ఇది అమలు చేసే బాధ్యత కింది వాటా దర్జీగారిది. ఆయన కొలత రాసుకుంటే ఒకటి ఒకటిలాగే ఉంటుంది.

దర్జీగారూ, ఈ కాగితాలు నోటుబుక్కు అట్టలోనే ఉంచండి. ఎవరికీ చూపించకండి. ఎవరికి ఏం వచ్చిందో నోటితో చెబితే చాలు. బుధవారం దాకా రోజుకు పది చొప్పున నేనూ ప్రయత్నిస్తాను. తెరుచుకుంటే అయిదో అంశంలో ముప్పై అయిదు కొట్టేసి, పక్కన సంతకం పెడతాను.

సోమవారం, నవంబరు 14

(సంతకం) డబుల్‌క్లిక్ వదిన

సాక్షులు:
మందుల షాపు ఆవిడ
ప్రార్థన మందిరం గుమాస్తా