మజ్జిగ సీసా, ఫినాయిల్ సీసా

ఏప్రిల్ 6, సోమవారం

బిట్టుకు టీకా. సూది గుచ్చినప్పుడు ఏడవలేదు, తీసేశాక ఏడ్చాడు. అచ్చం వాళ్ల నాన్నే. డాక్టరమ్మ వాడికి బిస్కెట్ ఇచ్చి నన్ను పట్టుకుంది. "ఇంట్ల ఫినాయిల్ ఏ సీసాల పెడ్తరమ్మా?" కూల్ డ్రింక్ సీసాలో అన్నాను. వద్దంది. రెండేళ్ల పిల్లవాడికి చదవడం రాదు కదా, సీసాను చూసే తాగేదో కాదో తేల్చుకుంటాడు, అంది. బుద్ధిగా తలూపాను. హన్మకొండలో సగం గల్లీకి అవే సీసాల్లో పోసి అమ్మేది మా కిరాణా దుకాణమేనని మాత్రం చెప్పలేదు.

ఏప్రిల్ 7

అత్తమ్మతో అన్నాను. అదీ పొద్దున్నే... నాకు బుద్ధి లేదు.

ఆ ఫినాయిల్ అంటే ఆవిడకు ప్రాణం. చిక్కటి మందు తెచ్చి, బకెట్ నీళ్లలో పోసి, కర్రతో తిప్పుతుంది. తెల్లగా పాలలా అవుతుంది. ఎవరు ఏ ఖాళీ సీసా తెస్తే అందులో గరాటు పెట్టి పోయడమే.

"నా పెండ్లైనకాంచి పోస్తాన. ఎవ్వలన్న సచ్చిండ్రా?"

"చచ్చేదాక ఆగుదమా అత్తమ్మా?"

"ఏందే, నోరు బాగ లేస్తాంది!"

మా ఆయన ఎవరి వైపూ లేడు. ఉప్మా వైపు ఉన్నాడు.

ఏప్రిల్ 8

దుకాణం ఆవిడది, ఇల్లు నాది. యాసిడ్, ఎలుకల మందు, చీరల మధ్య పెట్టే కలరా ఉండలు (అచ్చం పిప్పర్మెంట్లే, ఛీ) — అన్నీ పై అల్మారాలోకి. తాళం. చెవి నా పిన్నీసుకి. అత్తమ్మ స్టూలెక్కి తాళం లాగి చూసింది. "బంగారం దాసినవా ఏందే?"

ఏప్రిల్ 9

షట్టర్ ఎత్తగానే ఆటో కొమురన్న. చేతిలో ఖాళీ కూల్ డ్రింక్ సీసా.

"ఫినాయిల్ పొయ్యి చెల్లె, జల్ది."

"గీ సీసాల పొయ్యనన్నా. మీ ఇంట్ల మనుమరాలు ఉన్నది గద..."

మాట పూర్తి కాలేదు, అత్తమ్మ లోపలి నుంచి ఉరికొచ్చింది. బోణీ బేరం తిప్పి పంపితే ఆ రోజంతా గల్లాపెట్టె నిండదని ఆవిడ నమ్మకం. తొలి గిరాకీని ఉత్త చేతులతో పంపిన రోజు నేను ఈ ఇంటికొచ్చాక చూడలేదు. సీసా మెడ దాకా పోసింది, పైన కొసరు కూడా. కొమురన్న నన్ను చూసి పళ్లికిలించాడు. ఒళ్లు మండింది.

ఏప్రిల్ 10

అత్తమ్మ మాట్లాడటం లేదు. అంతా బిట్టుతోనే కబురు. "మీ అమ్మను బువ్వ తినుమను." తిన్నాను.

ఏప్రిల్ 12, ఆదివారం

 ఇవాళ్టిది రాసి పెట్టుకోవాలి.

ఎనుమాముల మార్కెట్ నుంచి కారానికి మిర్చి వచ్చింది. నిన్నంతా తొడిమలు తీస్తూ అత్తమ్మ ఒకటే తుమ్ములు. ఇవాళ ముక్కు పూర్తిగా బంద్, ఏ వాసనా తెలియడం లేదు. మధ్యాహ్నం వంటిల్లు తుడిచి, దుకాణంలోంచి తెచ్చుకున్న ఫినాయిల్ సీసా గట్టు మీదే పెట్టేసింది. పక్కనే మజ్జిగ సీసా. అదీ కూల్ డ్రింక్ సీసానే. ఇదీ తెలుపే, అదీ తెలుపే.

"దా బిడ్డా, సల్ల తాగు."

వాడి స్టీలు గ్లాసులో పోసి ఇచ్చింది. నేను గుమ్మంలో బట్టలు మడతపెడుతున్నాను. బిట్టు గ్లాసు మూతి దాకా తెచ్చి, ముక్కు ముడిచి —

"నానమ్మా, ఇది బాత్రూం."

నవ్వాను. ఆవిడా నవ్వింది. అంతలోనే ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. దూకి గ్లాసు గుంజుకున్నాను. పెదాలు పొడిగానే ఉన్నాయి. నోరు తెరిపించి వాసన చూశాను. అరటిపండు... ఒట్టి అరటిపండు. దేవుడా.

డాక్టరమ్మకు ఫోన్. "నోట్లెకు పోలేదు గద, ఫికర్ చెయ్యకు. ఎప్పుడన్న మింగితె కక్కియ్యకు. సీసా పట్టుకోని సీదా దవాఖానకు ఉరుకు."

అత్తమ్మ తడి నేల మీదే కూలబడింది. "నా చేతులార పోసిన గదనే, స్వప్నా..." ఎన్ని మాటలు దాచుకున్నానో ఆవిడను అనడానికి! ఒక్కటీ గుర్తు రాలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చాలా భయమేసింది, ఇద్దరికీ. బిట్టు మాత్రం మజ్జిగ ఇంకా ఇవ్వలేదని గోల.

ఏప్రిల్ 13

అత్తమ్మ ఆ గ్లాసును చింతపండు పెట్టి తోమింది. మళ్లీ తోమింది. తళతళలాడుతోంది, అయినా వాడికి అందులో నీళ్లివ్వదు. తీసుకెళ్లి గల్లాపెట్టె పక్కన పెట్టుకుంది.

ఏప్రిల్ 15

ఫినాయిల్‌కి కొత్త డబ్బాలు! గట్టి మూతలు, పిల్లల చేతికి తిరగవు. అన్నిటికీ ఎర్ర రంగు పూశాం. మా ఆయన వాటి మీద పుర్రె బొమ్మ గీశాడు. అది నవ్వుతున్నట్టు వచ్చింది.

అత్తమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది. "గిది జూస్తె పోరగాండ్లు భయపడరు కొడుకా, ముద్దు పెట్టుకుంటరు. చెరుపు."

ఎన్ని రోజులైందో ముగ్గురం ఇలా నవ్వి. బిట్టు చెవికి కూడా ఎర్ర రంగే.

ఏప్రిల్ 16, పొద్దున

గల్లాపెట్టె దగ్గరే రాస్తున్నాను.

బోణీకి మళ్లీ కొమురన్నే. మళ్లీ అదే సీసా. ఆటో కూడా దాంతోనే తుడుస్తాడట, అయిపోయిందట. అత్తమ్మ కూర్చుని ఉంది.

"గా సీసాల పొయ్యను, కొమురయ్యా. గీ డబ్బాల పోసిస్త."

"నా సీసకేమైంది పెద్దమ్మా? ఎదురుంగ నర్సయ్య పోస్తడు తియ్యి."

వెళ్లిపోయాడు. బోణీ బేరం! అత్తమ్మ చేతులారా! ఆవిడ ముఖం చూశాను. "పోనియ్యి," అంది, చీర కొంగు సర్దుకుంటూ.

ఎదురు దుకాణంలో నర్సయ్య గరాటు తీశాడు. మా షట్టర్ ముందు బండి పెట్టాడని అత్తమ్మకూ ఆయనకూ గొడవ. బిట్టు పుట్టక ముందు నుంచీ మాటల్లేవు. అటు చూడను కూడా చూడదు.

అలాంటిది లేచింది. చెప్పులు వేసుకోలేదు. గల్లాపెట్టె పక్కన ఉన్న బిట్టు గ్లాసు చేతిలోకి తీసుకుని, చెయ్యెత్తి ఆటోలను ఆపి, రోడ్డు దాటేసింది.

హారన్ల మోతలో ఏమీ వినిపించడం లేదు. గ్లాసు పైకెత్తి చూపిస్తోంది... మూతి దగ్గర పెట్టుకుని చూపిస్తోంది. నర్సయ్య చేతిలో గరాటు అట్లాగే ఉంది. కొమురన్న తల గోక్కుంటున్నాడు. పోస్తాడా, ఆపేస్తాడా — బస్సు అడ్డమొచ్చింది.

మాకింకా బోణీ కాలేదు.