మెత్తని హెడ్‌ఫోన్

కడప, 1957, మాఘ శనివారం.

రేడియోల అంగడి నడిపే మరిది ఓబులేసు ఈరోజు రెండు హెడ్‌ఫోన్లు తెచ్చాడు. మా ఆయనకు నిద్ర చెడకుండా నేను భజనలు వినడానికి, ఏది బాగుంటే అది ఉంచుకోమన్నాడు.

మిలిటరీవాళ్లు అమ్మేసిన పాతది బరువు. చెవులను నొక్కుతుంది, పాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. జర్మనీదానికి మెత్తని తోలు దిండ్లు. పెట్టుకోగానే తంబురా నా పక్కనే మోగింది. ఇంటి చప్పుడంతా ఆగిపోయింది. పాటకూ పాటకూ మధ్య ఆ నిశ్శబ్దంలో అత్త పిలిచింది. "లచ్చుమ్మా, రవ్వన్ని నీళ్లియ్యమ్మే."

పోయినేడు అట్లాగే పిలిచింది. నేను జపంలో ఉన్నాను. మధ్యలో లేస్తే ఫలం పోతుందని నూటెనిమిదీ ముగించి లేచాను. చెంబుతో వెళ్లేసరికి ఆమె ప్రాణం పోయింది. పిలుపు వినపడిందని నేనెవరికీ చెప్పలేదు.

పాతది పెట్టుకుంటే పాటతోపాటు వీధి గోల కూడా వినిపిస్తుంది. అత్త గొంతు రాదు. అదే చాలన్నాను.

"ఏంది వదినా, బంగారమట్లాది వద్దని ఎద్దుకాడి తగిలించుకుంటాండావు!" అని ఓబులేసు నవ్వాడు.

"ఇంట్లో ఎవరన్నా పిలిస్తే వినపడాల కదప్పా."

అతని నవ్వు ఆగిపోయింది. "మా అమ్మనూ అట్లే చెవి ఒగ్గి చూసుకుంటివి వదినా. కొడుకులం మేమే అంత చూడలేదు" అని కళ్లు తుడుచుకున్నాడు.

నేను కాదనలేదు.