లైబ్రరీ డ్యూటీ

గౌరవనీయులైన గ్రంథాలయ కార్యక్రమాల అధికారిణి గారికి,

నూలు మిల్లులో ముప్పై నాలుగేళ్లు టైం కీపరుగా పనిచేసి రిటైరైన నేను నమస్కరించి రాసుకునేది.

తమరి కార్డు మొన్న పోస్టులో అందింది. నా పేరు మీ దాకా ఎలా వచ్చిందా అని ఆలోచిస్తే గుర్తొచ్చింది. పోయిన నెల హఠాత్తుగా వాన పట్టుకుంటే మీ వరండాలోకి వచ్చి నిలబడ్డాను. తలుపు దగ్గరున్న పుస్తకంలో పేరూ చిరునామా రాయమన్నారు, రాశాను. ఒకసారి పేరెక్కాక డ్యూటీకి కట్టుబడాల్సిందే. అది నాకు కొత్త కాదు.

ఆజ్ఞ ప్రకారం సోమవారం నాలుగింటికి మీ మేడ మీది హాలులో 'కథల గంట'కు హాజరయ్యాను. మిగతావాళ్లందరూ ఏడేళ్ల లోపువాళ్లే. కథ చెప్పిన అమ్మాయి మంచి పనిమంతురాలు. ఏనుగులా నడవమంటే అందరితో పాటు నేనూ నడిచాను. డ్యూటీలో వయసు చూసుకోకూడదు కదా.

మనవి ఏమిటంటే, గురువారం కవితా పఠనానికి రాలేను. మా బావమరిది ఇల్లు మారుతున్నాడు, బీరువా పట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ ఒక్క రోజుకీ సెలవు మంజూరు చేయగలరు. నా సర్వీసు మొత్తంలో చెప్పకుండా మానేసిన రోజు లేదు. ఈ వయసులో మాట పడలేను.

ఇట్లు తమ విధేయుడు,
మాజీ టైం కీపరు
(మిల్లులో అందరూ 'గడియారం' అనేవారు)

తా.క.: ఆ పిల్లల కుర్చీలోంచి లేపడానికి ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని లాగవలసి వచ్చింది. మూడోవాడు వెనక నుంచి కుర్చీని పట్టుకున్నాడట. హోదాకు బాగుండదని పై ఉత్తరంలో ఈ సంగతి రాయలేదు.

*

పెద్దలు టైం కీపరు గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి మా ఆఫీసులో అందరం మురిసిపోయాం. కానీ ఒక చిన్న పొరపాటు జరిగింది, సరిదిద్దడం నా బాధ్యత.

మేం పంపింది ఆజ్ఞ కాదండీ, ఆహ్వానం. మా కార్యక్రమాలన్నీ ఉచితం. ఇష్టమైతే రావచ్చు, లేకపోతే మానేయొచ్చు. సెలవు అడగాల్సిన పనే లేదు. మీరు నిశ్చింతగా బీరువా సంగతి చూసుకోండి.

మీరు రావడం మాత్రం మాకెంతో సంతోషం. దాచడమెందుకు, మా హాలు పరిస్థితి బాగాలేదు. నెలాఖరులోగా కార్యక్రమానికి ముప్పై మంది చొప్పునైనా రాకపోతే హాలు మూసేసి, పాత ఫైళ్లూ విరిగిన కుర్చీలూ అందులో వేయిస్తామని పైవాళ్లు రాశారు. ఇప్పుడు వస్తున్నది పది పన్నెండు మంది. ఏం చేయాలో పాలుపోవడం లేదు.

ఇట్లు,
మేడ మీది హాలు చూసుకునే లైబ్రేరియన్

తా.క.: "ఏనుగు తాతయ్య మళ్లీ ఎప్పుడొస్తాడు?" అని పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు.

*

గౌరవనీయులైన అధికారిణి గారికి,

తమరి జవాబు అందింది. కళ్లజోడు పెట్టుకోవడం నాకు గిట్టదు కనుక మా ఆవిడ చేత చదివించుకున్నాను. సెలవు మంజూరు కాలేదని తెలిసింది. బాధేమీ లేదు. ముప్పై మంది లేక హాలు మూతపడబోతుంటే సెలవడగడం నాదే బుద్ధి తక్కువ. 'నాకు డ్యూటీ పడింది, నీ తంటాలు నువ్వు పడు' అని బావమరిదికి కబురు పెట్టాను. వాడి బీరువా ఇంకా మెట్ల మలుపులోనే ఇరుక్కుని ఉంది.

హాజరు చూసే బాధ్యత నాకు అప్పగించినందుకు కృతజ్ఞుణ్ణి. గురువారం నుంచే పని మొదలుపెట్టాను. పొడుగాటి రిజిస్టరు ఒకటి ఇంట్లో ఖాళీగా ఉంటే తెచ్చి తలుపు దగ్గర బల్ల వేసుకున్నాను. వచ్చినవాళ్ల చేత సంతకం పెట్టించాను. నాలుగూ అయిదు కాగానే స్కేలు పెట్టి ఎర్ర గీత గీశాను. గీత పడ్డాక వచ్చినవాళ్లు విరామం దాకా బయటే. మిల్లులో మేనేజరుకైనా ఇదే పద్ధతి.

ఒక ఫిర్యాదు కూడా చేయాలి. గీత గీశాక ఒకాయన సంచీ తగిలించుకుని పరుగెత్తుకొచ్చి "నేను లోపలికెళ్లాలండీ" అన్నాడు. "అందరూ అలాగే అంటారు" అని మెట్ల మీద కూర్చోబెట్టాను. ఇటువంటివారి మీద తమరు చర్య తీసుకోవాలి.

ఇట్లు తమ విధేయుడు,
హాజరు బాధ్యుడు

తా.క.: మెట్ల మీద కూర్చోబెట్టింది ఆ రోజు కవితలు చదవాల్సిన కవిగారినట. లోపల జనం ఆయన కోసం, బయట ఆయన విరామం కోసం ఎదురుచూశారు. ఈలోపు మెట్ల మీదే ఒక కవిత రాసేశారట. చదివిన వాటన్నిట్లోకీ అదే బాగుందని అక్కడివాళ్ల మాట.

*

టైం కీపరు గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. మళ్లీ మళ్లీ చదివి నవ్వుకున్నాను కూడా, అది వేరే సంగతి.

అయ్యా, మీకు సెలవు లేదని నేను రాయలేదు. హాజరు బాధ్యతా అప్పగించలేదు. మీరు మా ఉద్యోగి కారు, మా అతిథి. దయచేసి ఆ రిజిస్టరు ఆపేయండి. ఇది చదువుకునే చోటు. సగంలో వచ్చినా, సగంలో లేచిపోయినా, వెనక బెంచీలో కునుకు తీసినా ఎవరూ ఏమీ అనకూడదు. జనమే రావడం లేదని నేను ఏడుస్తుంటే మీరు వచ్చినవాళ్లను బయట కూర్చోబెడితే ఎలా చెప్పండి? కవిగారు పెద్దమనసున్నవారు కాబట్టి సరిపోయింది.

కోపగించుకోకండి. ఎల్లుండి కుట్టుపని తరగతి ఉంది, చిరిగిన బట్టలు బాగుచేసుకోవడం నేర్పుతారు. ఉత్త చేతులతో వచ్చి హాయిగా కూర్చోండి.

ఇట్లు,
లైబ్రేరియన్

తా.క.: ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మీ దస్తూరి ముత్యాలు పేర్చినట్టుంది. మా గుమాస్తాకు చూపించి నేర్చుకోమన్నాను.

*

గౌరవనీయులైన అధికారిణి గారికి,

నా పని మెచ్చుకుని, జనాన్ని కూడగట్టే బాధ్యత కూడా నాకే ఇచ్చిన తమరి లేఖ విని కళ్లు చెమర్చాయి. మిల్లులో అన్నేళ్లు చేసినా ప్రమోషన్ మొహం చూడలేదు. తమరు పదిహేను రోజుల్లో ఇచ్చారు.

వెంటనే రంగంలోకి దిగాను. మిల్లు మూతపడ్డాక మా వాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఇళ్లలో గోడలు చూస్తూ కూర్చున్నారు. తలుపు తట్టి "రేపు నాలుగింటికి డ్యూటీ, లైబ్రరీ మేడ మీద" అన్నాను. ఏం డ్యూటీ అని ఒక్కడూ అడగలేదు. స్నానం చేసి, తల దువ్వుకుని, నాలుక్కి పది నిమిషాల ముందే పద్నాలుగు మంది వరసలో నిలబడ్డారు. బాయిలరు మేస్త్రీ అయితే టిఫిను డబ్బా కూడా తెచ్చుకున్నాడు.

కుట్టుపని బాగా నడిచింది. బాయిలరు మేస్త్రీకి సూదిలో దారం ఎక్కించడానికే అరగంట పట్టింది గానీ, పట్టు వదల్లేదు. తన చొక్కా జేబు తనే కుట్టుకుని, దాన్ని తట్టి తట్టి చూసుకున్నాడు. మర్నాడు బొమ్మల తరగతికి వాళ్లావిడను కూడా వెంటబెట్టుకొచ్చాడు. కాంటీను వంటమనిషి ఇద్దరు చెల్లెళ్లను తెచ్చాడు. నిన్నటి హాజరు ముప్పై ఎనిమిది. ఎర్ర గీత తర్వాత వచ్చినవాళ్లు సున్నా.

ఒక సంగతి మనవి చేసుకోవాలి. ఏ లాభమూ లేకుండా, ఎవరు ఎవరో అడక్కుండా, ఇంత విద్య పంచిపెట్టే ఆఫీసు ఒకటుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఆ వీధిలోంచే రోజూ మిల్లుకు నడిచేవాణ్ణి. తల ఎత్తి చూడలేదు.

ఇట్లు తమ విధేయుడు,
హాజరు, జన సమీకరణ బాధ్యుడు

తా.క.: జేబు కుట్టే తొందరలో చొక్కా ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి కుట్టేశాడట మేస్త్రీ. ఇంటికి ఒంటిమీద వేసుకోకుండా భుజాన వేసుకుని వెళ్లాడు.

ఇంకో తా.క.: దస్తూరిని మెచ్చుకున్నందుకు చాలా సంతోషం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు.

*

టైం కీపరు గారికి,

శతకోటి నమస్కారాలు.

నిన్న మీరు తలుపు దగ్గర ఎవరిని ఆపారో తెలుసా? హాలు మూయాలా వద్దా తేల్చడానికి వచ్చిన పై అధికారిని. ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. "నేనెవరో తెలుసా?" అన్నారట. "తెలుసు, ఆలస్యంగా వచ్చినవారు" అన్నారట మీరు. నేను లోపలి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆయన మెట్ల మీద రుమాలు పరుచుకుని కూర్చున్నారు. నా ఉద్యోగం ఆ క్షణంలోనే పోయిందనుకున్నాను.

విరామంలో లోపలికొచ్చి చూస్తే నలభై మూడు మంది. కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూడా కూర్చున్నారు. నక్షత్రాల గురించి పాఠం. బాయిలరు మేస్త్రీ లేచి, "సూర్యుడికి బొగ్గు ఎవరు వేస్తారండీ?" అని అడిగారు. ఎవరూ నవ్వలేదు. పంతులుగారు అది ఎంత మంచి ప్రశ్నో చెప్పి, పావుగంట జవాబిచ్చారు. అధికారి నోరు తెరుచుకుని విన్నారు. వెళ్లేటప్పుడు మీ రిజిస్టరు తిరగేసి, "ఇంత శుభ్రమైన హాజరు పట్టీ నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు" అన్నారు. హాలు ఉంటుంది. వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

కానీ నా మనసొప్పడం లేదండీ. ఎన్నిసార్లు రాసినా ఇది ఆజ్ఞేనని మీరు అనుకుంటున్నారు. ఒక పెద్దమనిషిని లేని భయంతో తిప్పుకుంటున్నానేమో అనిపిస్తోంది. ఆదివారం పదింటికి మీ ఇంటికి వచ్చి, మీ మీద ఎవరి బలవంతమూ లేదని నా నోటితో చెప్పి, మీ కాళ్లకు దండం పెట్టుకుని వెళతాను.

ఇట్లు మీ రుణం తీర్చుకోలేని,
లైబ్రేరియన్

తా.క.: అధికారి సంతకం ఎర్ర గీత కింద పెట్టించారు చూడండి, దాన్ని ఫ్రేము కట్టిస్తున్నాను.

*

లైబ్రరీ తల్లికి,

టైం కీపరు గారి భార్య ఆశీర్వదించి రాసేది. నువ్వు నా కూతురి ఈడుదానివై ఉంటావని చనువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఆదివారం వచ్చి ఆ మాట చెప్పావంటే మా కొంప మునుగుతుంది. ఆయన మీ హాలుకు వెళ్లిన సందు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

దస్తూరి చూడగానే నీకు తెలిసిపోయే ఉంటుంది. ఇన్నాళ్లూ ఉత్తరాలు రాసిందీ నేనే, నీ ఉత్తరాలు చదివిందీ నేనే. రాయడంలో ఒక్క అక్షరం మోసం చేయలేదు, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. కింద తా.క.లు మాత్రం ఆయన లేచి వెళ్లాక నేను తగిలించినవి. మోసమంతా చదవడంలోనే. నీ కార్డులో 'అందరూ ఆహ్వానితులే' అని ఉంటే 'తప్పక హాజరు కావలెను' అని చదివాను. సెలవు అవసరం లేదన్నావు, సెలవు ఇవ్వబడదని చదివాను. రిజిస్టరు ఆపమన్నావు, ప్రమోషన్ ఇచ్చాను. ప్రమోషన్ ఇస్తుంటే మరీ మితిమీరానేమో అనిపించింది తల్లీ, కానీ మొదలుపెట్టాక మధ్యలో ఆగడం ఎలా?

ఎందుకు చేశానంటావా? రిటైరై ఇంటికొచ్చాక ఆయన నా హాజరు వేయడం మొదలుపెట్టారు. స్టవ్వు వెలిగించడం నాలుగు నిమిషాలు ఆలస్యం. పక్కింటావిడతో మాటలు పన్నెండు నిమిషాలు. స్నానానికి వెళితే తలుపు బయట గడియారం చూస్తూ ఉండేవారు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంటే విసుక్కున్నాను, నవ్వుకున్నాను. తర్వాత ఒకరోజు అదీ మానేశారు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, మంచం అంచున మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. వెళ్లడానికి చోటు లేదు. ఆ రోజు నాకు భయమేసింది.

ఆ మధ్యాహ్నమే నీ కార్డు వచ్చింది. ఉచితంగా ఏదో నేర్పుతారట వెళ్లండి అంటే ఆయన గడప దాటరు. "ఊరికే కూర్చుని వినడానికి నేనేమైనా పనిలేనివాణ్ణా?" అంటారు. పని లేకపోవడమే కదా రోగం! అందుకే నాకు తోచిన మందు వేశాను. ఇప్పుడు సాయంత్రం వస్తూనే ఆ రోజు విన్నదంతా చెబుతారు. రంగులు ఎలా కలపాలో, చుక్కలు ఎంత దూరమో. మొన్న టీ తెచ్చి ఇస్తే గడియారం వంక చూడలేదు, నా మొహంలోకి చూసి "నువ్వు తాగావా?" అన్నారు. ముప్పై ఆరేళ్ల కాపురంలో అది నాకు కొత్త మాట. నీ హాలు చేసిన మేలు అది, నేను చచ్చినా మరవను.

కాబట్టి ఆదివారం రా, టీ తాగి వెళ్లు. కానీ నవ్వకుండా అధికారిలా మొహం పెట్టుకుని రా. రబ్బరు ముద్ర వేసిన అసలు ఆజ్ఞ ఒకటి పట్టుకురా. అది ఆయన పేరు మీద కాదు, నా పేరు మీద రాయి. నేను కూడా ఇస్త్రీ చీర కట్టుకుని నాలుగింటికి ఎక్కడికైనా వెళ్లాలనుకునే మనిషినే. ఈ వంటింట్లో నేనూ ఒక్క రోజు సెలవు పెట్టలేదు. నాకు ఇంతవరకూ ఎవరూ కార్డు పంపలేదు.

ఇట్లు,
టైం కీపరు గారి భార్య

తా.క.: కార్యక్రమం చివరి పావుగంటా ఆయన బయటికొచ్చి, వెళ్లేవాళ్లను లెక్క చూసుకుంటారట. దాంతో ఇంటికి అన్నీ సగం కథలే వస్తున్నాయి. సోమవారం కథలో ఓడ మునిగి, అందులోని నావికుడు చెక్క పట్టుకుని సముద్రంలోనే ఉండిపోయాడు. ఆదివారం దాకా నేను ఆగలేను తల్లీ, వాడు ఒడ్డెక్కాడా లేదా, ఒక్క ముక్క రాసి పంపు.