ఆ ‘అండి’ ఎవరికి?

శనివారం రాత్రి

మొదట కొన్న పెద్ద వైబ్రేటర్ నాకు పడలేదు. పిండిమరలా మోగేది, సుఖం కంటే ముందు తిమ్మిరి వచ్చేది. ఇవాళ మా ఆయన తెచ్చిన చిన్నది వేరు. అరచేతిలో ఇమిడిపోతుంది, మెల్లగా మొదలై ఒళ్ళంతా పాకుతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా ఒంటికి నిదానమే ఇష్టమని తెలిసింది.

ఒళ్ళు మరిచి, “కొంచెం మెల్లగా అండి” అన్నాను. ఆయన ఆపేసి ఒకటే నవ్వు.

“మిషన్‌కి కూడా అండీయేనా సుజాతా?”

“మీకేనండి బాబూ!” అన్నాను కంగారుగా. ఇక తనతో నాకు పనిలేదనుకుంటారేమోనని నా బెంగ.

“అయితే సరే” అని మళ్ళీ బటన్ నొక్కారు.

నిజానికి అన్నది మిషన్‌తోనే. కానీ దాన్ని పట్టుకున్న చెయ్యి ఆయనదే కదా...