తమ్ముణ్ని పిలవని వారం

జూన్ 2, సోమవారం

నిర్ణయం తీసేసుకున్నాను. ఫ్రీజర్ నేనే బాగుచేస్తాను!

దాని రోగాలు: లోపల మంచు గుహ. ఆ గుహలో పెట్టిన ఐస్‌క్రీం మాత్రం సూపులా జారుతోంది. వెనక నుంచి గురక. మావారిది కాదు, ఆయన ఆఫీసుకెళ్లాక కూడా వినిపిస్తోంది.

ఊళ్లో ఫ్రిజ్‌లు బాగుచేసేవాళ్లలో పేరున్నవాడు నా సొంత తమ్ముడే. కానీ వాణ్ని పిలవను. పోయిన నెల పెద్దనాన్నగారింట్లో అందరూ భోజనాలకి కూర్చుంటే, "మా అక్క చెయ్యి పడితే చాలు, ఏ మిషనైనా వారం తిరక్కుండా నా షాపుకొస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. మావారు అందరికంటే గట్టిగా నవ్వారు. ఆ రోజు నుంచి తమ్ముడితో మాటల్లేవు. మావారితో ఉన్నాయి. పోట్లాడ్డానికి ఒకరుండాలి కదా.

ఆదివారం మా అమ్మాయి పుట్టినరోజు. వచ్చిన పిల్లలందరికీ ఇంట్లో చేసిన ఐస్‌క్రీం పెడతానని మాటిచ్చాను. వారం ఉంది. మాన్యువల్ ఉంది. బుర్ర ఉంది. ఇంకేం కావాలి!

జూన్ 3, మంగళవారం

మాన్యువల్లో మొట్టమొదటి సలహా: "ప్లగ్గు పెట్టి ఉందో లేదో చూడండి." చూశాను. ఉంది. సగం విద్య వచ్చేసినట్టే!

రెండోది: నేల మీద సమంగా నిలబడకపోతే చప్పుడొస్తుందట. నిజమే, ఊగుతోంది. ముందు కాలి కింద మర తిప్పాను. గురక ఆగిపోయింది!! మావారి ఆఫీసుకి ఫోన్ చేసి, ఫోను ఫ్రీజర్ దగ్గర పెట్టాను.

"ఏమీ వినపడట్లేదే?" అన్నారు.

"అదే మరి!"

సాయంత్రం అమ్మాయి అడిగింది: "మామయ్యని పిలిచావా అమ్మా, నా పుట్టినరోజుకి?"

"మామయ్యకి షాపులో పనుంటుందమ్మా."

"అడిగావా?"

ఈ పిల్లకి ఇన్ని ప్రశ్నలు ఎవరు నేర్పుతున్నారో.

జూన్ 4, బుధవారం

కాగితం పరీక్ష. తలుపు సందులో కాగితం పెట్టి, మూసి, లాగాలి. బిగిసి ఉంటే తలుపు రబ్బరు బాగున్నట్టు. నా కాగితాన్ని లాగే పని లేకపోయింది. తనంతట తనే కింద పడింది. ఆ సందులోంచి బయటి గాలి దూరి లోపల మంచు అవుతోందన్నమాట. రోగం దొరికింది!

రబ్బరుని సబ్బునీళ్లతో కడిగి, వేడి గుడ్డతో కాపడం పెట్టాను. మెత్తబడి చక్కగా అతుక్కుంది. ఈ మాత్రం దానికి తమ్ముడైతే గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాడు. అద్దంలో చూసుకుని "నమస్కారం ఇంజనీరుగారూ" అనుకున్నాను.

జూన్ 5, గురువారం

ఈరోజు మంచు కరిగించడం. స్విచ్ ఆపి, తలుపు తెరిచి, ఓపిక పట్టాలట. "పదునైన వస్తువులు వాడరాదు" అని పెద్దక్షరాల్లో రాశారు. ఎవరు వాడతారమ్మా! మరీ అంత తెలివితక్కువవాళ్లుంటారా!

ఉదయం: లోపల వేడినీళ్ల గిన్నె పెట్టాను. మంచు నన్ను చూస్తోంది. నేను మంచుని చూస్తున్నాను.

కాసేపటికి: వంటింట్లో వరద. తువ్వాళ్లన్నీ అయిపోయాయి. చేతికందినది తువ్వాలు కాదు, మావారి కొత్త చొక్కా అని తుడిచాక తెలిసింది.

మధ్యాహ్నం: చిన్న చాకు. పళ్లు కోసుకునేది. దాన్ని పదునైన వస్తువు అనడం అన్యాయం.

ఆ తర్వాత: ఫ్రీజర్ "స్‌స్‌స్‌" అంది. అలసిపోయి ఊపిరి వదిలినట్టుంది, పాపం.

జూన్ 6, శుక్రవారం

చల్లబడలేదు. శుభ్రం చేసిన కొత్తలో కాస్త టైం పడుతుంది. (మాన్యువల్లో లేదు. నాకే అనిపించింది.)

ఇంకా చల్లబడలేదు. ఎండలు అలా ఉన్నాయి. వోల్టేజీ కూడా తక్కువే. పైగా పక్కింటివాళ్లు పొద్దుటి నుంచి ఏదో మిషను ఆడిస్తున్నారు.

నమ్మకంతో ఐస్‌క్రీంకి పాలు కలిపి పెట్టాను. సాయంత్రానికి గోరువెచ్చగా ఉన్నాయి. మావారు లోపల చెయ్యి పెట్టి చూసి, "బట్టలు ఆరేసుకోవచ్చు" అన్నారు. "పోనీ, మీ తమ్ముడికి..."

"ఆ మాటెత్తకండి."

అమ్మాయి మాత్రం గదిలోకెళ్లి స్నేహితురాలితో ఫోన్‌లో, "ఐస్‌క్రీం ఉంటుందో లేదో తెలీదే. మా మామయ్య కూడా రాడు" అంది. ఐస్‌క్రీం సంగతి మామూలుగానే చెప్పింది. రెండో మాట అయ్యాక ముక్కు చీదుకుంది.

తలుపు దాకా వెళ్లినదాన్ని వెనక్కొచ్చేశాను.

జూన్ 7, శనివారం

ఫోన్ చేశాను.

"ఎవరూ?" అన్నాడు, నా నంబరు కనిపిస్తున్నా.

"నేనేరా. ఫ్రీజర్..."

"స్‌స్‌మందా?"

"కొంచెం."

"చాకా, స్క్రూడ్రైవరా?"

"ముందు నువ్వు రా."

వచ్చాడు. చిన్న వ్యానులో షాపులోని ఫ్రీజర్ ఒకటి ఎక్కించుకుని మరీ వచ్చాడు. చూడకుండానే అంతా అర్థమైపోయిందన్నమాట! ఒళ్లు మండింది. మాది తెరిచి, లోపల తడిమి, "గొట్టానికి కన్నం. గ్యాసంతా పోయింది. షాపుకి తీసుకెళ్లాలి" అన్నాడు. ఇక మొదలెడతాడని పళ్లు బిగించుకున్నాను.

"తలుపు రబ్బరు ఎవరు సరిచేశారు?"

"నేనే."

"బాగా చేశావక్కా."

ఎగతాళేమోనని వాడి మొహంలోకి చూశాను. కాదు. తలొంచుకుని ప్లగ్గు తీస్తూ, "ఆ రోజు పెద్దనాన్న ఇంట్లో నీ మొహం చూశాక నాకు ముద్ద దిగలేదే" అన్నాడు.

"నెల రోజులు ఫోన్ చెయ్యడానికి చేతుల్లేవా?"

"నువ్వెత్తకపోతే?"

కాఫీ ఇచ్చాను. పంచదార వెయ్యలేదని నా కాఫీ తాగాక తెలిసింది. వాడప్పటికే గ్లాసు ఖాళీ చేసేశాడు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్. నీ మేనకోడలు ఎదురుచూస్తుంది" అన్నాను.

జూన్ 8, ఆదివారం

తీరిక లేదు. తమ్ముడు తెచ్చిన ఫ్రీజర్లో ఐస్‌క్రీం రాయిలా గడ్డకట్టింది! మామయ్య వచ్చినప్పటి నుంచి పుట్టినరోజు పిల్ల వాడి మెడ దిగలేదు. మావారు మూడుసార్లు పెట్టించుకున్నారు.

జూన్ 11, బుధవారం

మా ఫ్రీజర్ తిరిగొచ్చింది. గొట్టం అతికి, గ్యాసు నింపి తెచ్చాడు. "దీన్ని ముట్టుకోకే తల్లీ" అని దణ్ణం పెట్టి వెళ్లాడు. నేనెందుకు ముట్టుకుంటాను!

ఒక్కటే. మధ్యమధ్యలో టిక్కుమంటోంది. అది మామూలేనట. వాడికేం తెలుసు? అయినా వెనక దుమ్ము దులపమని మాన్యువల్లోనే ఉంది. దులపడం ముట్టుకోవడం కిందికి రాదు.

నిర్ణయం: రేపటి నుంచి ఇంట్లో ఏది పాడైనా నేనే బాగుచేస్తాను. ఎవర్నీ పిలిచేది లేదు.

పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసి, పిలవడం లేదని చెప్పాలి.